పెన్నలో నేను పెంచిన మొసలి

ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నేను సొంతంగా తయారు చేసినది ఒక్కటే. అది ఒక మొసలి. దాన్ని పెన్నలో వదిలినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు, రిపోర్టు అంటే ఏముందిలే, నాలుగు ముక్కలు గీకి పైకి పంపితే చాలు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. అందుకే ఈ సంగతి దాచుకోకుండా చెబుతున్నాను.

యాభైల చివరి రోజులవి. నాకు నీటి కొలతలు తీసే పని దొరికింది. మా చిన్న ఆఫీసు హిందూపురంలో, దాని మీది ఆఫీసు పెనుకొండలో. హిందూపురం నుంచి గంటన్నర సైకిలు తొక్కితే ఏటి గట్టున ఒక పల్లె వస్తుంది. ఆ పల్లె రేవులో అడుగులూ అంగుళాలూ చెక్కిన రాతి స్తంభం ఉండేది. రోజూ పొద్దున నీళ్లు దాని మీద ఎంతవరకు వచ్చాయో చూడాలి. తర్వాత పుట్టిలో ఏటి నడిమికి పోయి వెదురు గడ దించి లోతు చూడాలి. రెండూ పుస్తకంలో రాయాలి. ఇదే ఉద్యోగం.

పెన్నను ఎరిగినవాళ్లకు ఇందులోని తమాషా ఇప్పటికే అర్థమై ఉంటుంది. మా వైపు పెన్న అంటే ఇసుక. నేను చేరిన మొదటి ఏడాది పదకొండు నెలలు ఆ స్తంభం నీడన మేకలు పడుకునేవి. నేను అంత దూరం తొక్కుకుంటూ పోయి, వాటిని అదిలించి, 'నీరు లేదు' అని రాసి, మళ్లీ తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి. ఒకసారి పెనుకొండ నుంచి తాఖీదు వచ్చింది, నీరు లేని రోజుల్లో నడి ఏటి లోతు ఎంతో ఎందుకు రాయలేదని. 'అదీ లేదు' అని జవాబు రాశాను. వాళ్లు తృప్తి పడ్డారు.

రెండో ఏడాది ఎగువన మైసూరు సీమలో వానలు దంచి కొట్టాయి. ఏరు వచ్చింది. ఎర్రటి నీళ్లు చెట్లను దొర్లించుకుంటూ నాలుగు రోజులు పోయి, తర్వాత మెల్లగా తేటపడి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అద్దం పరిచినట్లు నిలిచింది. పల్లె మొత్తం రేవులోనే కాపురం పెట్టింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఇప్పుడు పుట్టి ఎక్కాలి.

పుట్టి అంటే పెద్ద గంప. వెదురుతో అల్లి, అడుగున తోలు కుట్టి, తారు పూస్తారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఒకే తెడ్డు. పల్లెలో చేపలు పట్టి బతికే ఒకాయన మా ఆఫీసు తరపున దాన్ని నడిపేవాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. మొదటి రోజు ఆయన నన్ను కూర్చోబెట్టుకుని నడి ఏటికి తీసుకుపోయాడు. నాకు ఈత రాదు. పుట్టి అంచు పట్టుకుని కిందికి చూశాను. అంతే, పొద్దున తిన్న సంగటి, ఊరుబిండి మొత్తం పెన్నమ్మకు నైవేద్యమైంది. ఆయన నవ్వలేదు. తెడ్డు పక్కన పెట్టి, దోసెడు నీళ్లు తీసి నా మొహం మీద చల్లి, గట్టుకు చేర్చాడు.

మరుసటి రోజు నుంచి పుట్టి అక్కర్లేదని ఆయనతో చెప్పి, గట్టు మీద నిలబడి స్తంభం చూసి వచ్చేవాణ్ణి. నడి ఏటి లోతు గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. అందులో ఏదో ఒక అంకె వేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాత్రం నిజాయితీ ఉండబట్టే ఇంత పెద్ద అబద్ధంలో పడ్డాను.

పన్నెండు రోజుల తర్వాత తాఖీదు వచ్చింది. లోతు ఎందుకు కొలవలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. 'భయమేసింది' అని రాయడానికి చేయి రాలేదు. ఆ రోజు పొద్దున ఎదురుగట్టు దగ్గర, బండల పక్కనున్న మడుగులో, ఏదో గోధుమరంగుగా, పొడుగ్గా నీళ్ల మీద కదిలి మునిగిపోవడం నిజంగానే చూశాను. అది ఏమిటో నాకు తెలియదు. ఇలా రాశాను: నడి ఏటిలో మొసలి వంటి జంతువు కనిపించినందున పుట్టిలో వెళ్లడం క్షేమం కాదని ఆగితిని.

మా ఆఫీసులో పెద్ద గుమాస్తా ఉండేవాడు. ముక్కుపొడుము డబ్బీ, ఎర్రసిరా కలం, ముప్ఫై ఏళ్ల అనుభవం ఆయన ఆస్తి. నా కాగితం చదివి కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఏమప్పా, ఈ 'వంటి' ఏంది? మొసలేనా, కాదా?"

అట్లాగే కనిపించిందని అన్నాను.

"పైనోళ్లకు అనుమానాలు పంపగూడదు. వాళ్లకు వాళ్లవే శానా ఉంటాయి," అని 'వంటి జంతువు' కొట్టేశాడు. పొడుగెంత అని అడిగితే సరిగా కనిపించలేదన్నాను. మొసలికి ఏడడుగులైతే మర్యాదగా ఉంటుందని ఆయనే వేశాడు.

ఆ కాగితం పెనుకొండకు పోయింది. అక్కడ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇంకా పైకి పంపారు. పైనుంచి వచ్చిన ఉత్తరువును మళ్లీ తెలుగులోకి మార్చారు. ఈ రాకపోకల్లో ఎక్కడో ఏడడుగుల మొసలి కాస్తా ఏడు మొసళ్లయింది. అమ్మకడుపు చల్లగా, నెల దినాల్లో అంత సంతానం.

పల్లెలో తప్పెట కొట్టించి ఉత్తరువు చదివారు. ఈ రేవు నుంచి కింది పల్లె దాకా ఏటిలో ఎవరూ దిగరాదు. స్నానం, బట్టలుతకడం, గొడ్లను తోలడం, చేపలు పట్టడం అన్నీ నిషేధం. మీరితే శిక్ష. దీన్ని కాయడానికి ఒక కావలి మనిషిని వేసి, ఈల ఒకటి ఇచ్చారు. ఆయన నీళ్లకు రెండు బారల దూరంలో కానుగచెట్టు కింద కాళ్లు చాపి రోజంతా నిద్రపోయేవాడు. మొసళ్లు లేవనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. దాన్ని ఏ అధికారీ చూడలేదు.

నా ఉద్యోగం మాత్రం సుఖంగా సాగింది. నిషేధం నాకూ వర్తిస్తుంది కాబట్టి లోతు గడిలో దర్జాగా 'మొసళ్లు' అని రాసేవాణ్ణి.

ఆ సుఖం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక రోజు సైకిలు దిగుతుంటే పుట్టి నడిపే ఆయన భార్య ఎదురొచ్చింది. ఏట్లో నీళ్లున్నప్పుడు ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని హిందూపురం సంతకు పోయేది. ఆ రోజు చేతిలో కొడవలి ఉంది, చేనికి కూలికి పోతోంది. నన్ను చూసి ఆగింది.

"మొసలిని నువ్వే సూసినావంట గదప్పా. ఏం రంగు ఉన్నింది?"

నేను చూసిన రంగు కూడా మరిచి, నల్లగా ఉందని గొణిగాను.

"మా ఇంటాయన పుట్టినప్పట్నుంచీ ఈ ఏట్లోనే ఉండాడు. ఒక్క దినమన్నా ఆయప్పకు కనపళ్లేదు. రెండేండ్ల కిందట వచ్చిన నీకు కనపడింది. సదువుకున్నోళ్ల కండ్లు వేరే," అంది. గొంతులో కోపం లేదు. మూడేళ్లకు ఒకసారి వచ్చే నీళ్లు ఇవనీ, ఇప్పుడు వల వేయకపోతే మళ్లీ ఎప్పుడో తెలియదనీ, ఇంట్లో వలలు ఎలుకలు కొరుకుతున్నాయనీ చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు నా స్తంభం చూడటానికి నాకే సిగ్గేసింది. అయినా ఆఫీసుకు పోయి నిజం చెప్పలేదు. ఉద్యోగం పోతే మా నాయనకు ఏం చెప్పాలన్నదే నా చింత.

ఇంతలో పెనుకొండ నుంచి మా పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నాడని కబురు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు ఉన్నదల్లా వేట పిచ్చి. పెనుకొండ కొండల్లో రెండు చిరుతలను కొట్టానని చెప్పేవాడు. వినేవాళ్లను బట్టి మూడోది కూడా ఉండేది. మొసలి మాత్రం ఆయన తుపాకికి ఇంతవరకు చిక్కలేదు. నా ఏడింటిలో ఒకదాని తోలు తన ముందు గదిలో గోడకు కొట్టించాలని ఆయన కోరిక.

పొద్దున్నే జీపు వచ్చింది. టోపీ, బూట్లు, పొడుగాటి తుపాకి, మడత కుర్చీ. పుట్టిలో కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాడు. పుట్టి నడిపే ఆయన, కుర్చీ పుట్టిలోనే ఉంటుంది గానీ సామి మాత్రం నీళ్లలో ఉంటాడని వినయంగా చెప్పాడు. ఆఫీసరు పుట్టి అడుగున కాళ్లు మడిచి చక్కలముక్కలం వేసుకున్నాడు. మొదట చూసినవాణ్ణి కాబట్టి నన్నూ ఎక్కమన్నాడు. ఎక్కాను. కావలి మనిషి లేచి సలాం కొట్టి మళ్లీ పడుకున్నాడు.

ఆ పొద్దు ఏరు ఎంత అందంగా ఉందో ఇప్పుడు చెప్పగలను గానీ, అప్పుడు పుట్టి అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. అల లేదు. తెడ్డు నీళ్లలో దిగే చప్పుడు కూడా లేదు. ఐదు వారాలుగా మనిషి అడుగు పెట్టని ఏరది. జంతువులకు మా ఉత్తరువు అందినట్లుంది, అన్నీ గట్లెక్కి ధైర్యంగా కూర్చున్నాయి. బండ మీద నీటికాకులు రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. తాబేళ్లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండి, మేం దగ్గరికి వచ్చేదాకా కదలకుండా, చివరికి తొందరేమీ లేనట్లు జారాయి. లకుముకి పిట్ట ఒకటి మా పుట్టి పక్కనే మునిగి చేపతో లేచింది. చూస్తూ చూస్తూ పుట్టి అంచు వదిలేశానని కూడా గమనించలేదు.

ఎక్కడ చూశావని ఆఫీసరు గుసగుసగా అడిగాడు. మడుగు వైపు వేలు చూపించాను. నిజం చెప్పడానికి అదొక అవకాశం. దాన్నీ వదిలేశాను.

మడుగు మలుపు తిరిగేసరికి నీళ్ల మీద కదలిక కనబడింది. పొడుగ్గా, గోధుమరంగుగా, గుండ్రటి వీపు ఒకటి లేచి మునుగుతూ, దాని వెనక ఇంకొంచెం లేచి మునుగుతూ, పదిహేను అడుగుల మేర నీళ్లు కదులుతున్నాయి. ఆఫీసరు ఊపిరి బిగబట్టి తుపాకి భుజానికి ఆనించాడు. నేను చూసిందీ ఇదే. ఒక్క క్షణం నాకే నమ్మకం కలిగింది, నా మొసలి నిజంగానే ఉందని.

అప్పుడు ముందున్న తల పైకి లేచింది. గుండ్రటి తల, చిన్న చెవులు, మీసాలు. మమ్మల్ని చూసి ముక్కుతో బుస్సుమంది. దాని వెనక ఇంకో పెద్ద తల. ఆ వెనక మూడు చిన్న తలలు. నీరుకుక్కలు. ఒకదాని వెనక ఒకటి ఈదుతుంటే దూరానికి ఒకే జంతువులా కనిపించే సంసారం. ఆఫీసరు ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను తుపాకి కొసన పెట్టుకున్నాడు. ఆయనకు కనిపిస్తున్నది వీపు మాత్రమే.

ఆ క్షణంలో నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. తుపాకి పేలుతుంది. ఏదో ఒకటి చచ్చి మడుగులో మునుగుతుంది. మొసలిని కొట్టానని ఆఫీసరు రాస్తాడు. నిషేధం ఎత్తేస్తారు. చేపలవాళ్లు బాగుపడతారు, నా ఉద్యోగం నిలుస్తుంది. పోయేది ఒక నీరుకుక్క. నోరు మూసుకుని ఉంటే చాలు. మూసుకునే ఉన్నాను.

పుట్టి గిర్రున తిరిగింది. తుపాకి కొస మడుగును వదిలి, గట్టును దాటి, కానుగచెట్టు కింద నిద్రపోతున్న కావలి మనిషి మీదికి పోయి నిలిచింది. ఆఫీసరు అదిరిపడి తుపాకి దించాడు. ఇదేం పని అని కసిరాడు.

"నీళ్లు తిప్పినాయి సామీ," అన్నాడు పుట్టి నడిపే ఆయన.

మా పక్కనే నీళ్ల మీద ఒక కానుగాకు ఉంది. అది ఉన్నచోటి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన తెడ్డు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

ఐదు వారాలుగా వల వేయని మనిషి. నీరుకుక్కలు ఆయన చేపలు తినేవి, ఆయన వలలు చింపేవి. అవి చస్తే అందరికంటే లాభపడేది ఆయన. ఆయనే తిప్పాడు. ఇంక నాకు నోరు మూసుకోవడం చేతకాలేదు.

"సార్, అవి నీరుకుక్కలు. వెనక పిల్లలున్నాయి," అన్నాను.

"మరి మొసలి?"

"లేదు సార్."

"ఏడు అని రాశారు కదయ్యా."

"ఒక్కటి కూడా లేదు సార్. పుట్టి ఎక్కడానికి భయమేసి నేను రాశాను."

ఆఫీసరు మడుగు వైపు తిరిగాడు. ఈలోపు నీరుకుక్కలు బండ ఎక్కాయి. పెద్దది ముందుకాళ్లతో చేపను పట్టుకుని తల వైపు నుంచి కొరుకుతోంది. పిల్లలు దాని వీపు మీద ఎక్కి జారుతున్నాయి. ఆయన తుపాకి ఒళ్లో పెట్టుకుని, టోపీ తీసి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆ కాసేపు ఆయన మొహంలో ఆఫీసరు లేడు. తర్వాత మళ్లీ వచ్చాడు. ఈ సంగతి ఎవరెవరికి తెలుసని అడిగాడు.

జవాబు పుట్టి నడిపే ఆయన చెప్పాడు. "ఊరందరికీ తెల్సు సామీ. ఆఫీసుకే తెలీదు."

గట్టు చేరేదాకా ఆఫీసరు ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. కాగితాలు చాలా పైదాకా పోయాయి, మొసళ్లు లేవని ఇప్పుడు రాస్తే కిందినుంచి పైదాకా సంతకం పెట్టిన ప్రతివాడూ తప్పు చేసినట్లవుతుంది. కాబట్టి నీళ్లు తగ్గినందువల్ల ఏడు మొసళ్లూ ఎగువకు వెళ్లిపోయాయని రాద్దామన్నాడు. ఎగువన పక్క రాష్ట్రం, ఆ తర్వాత వాళ్ల బాధ. దాన్ని బట్టి నిషేధం ఎత్తేసే ఉత్తరువు వచ్చేదాకా నన్ను నోరు మెదపవద్దన్నాడు. నా ఉద్యోగానికి ఢోకా లేదని కూడా భరోసా ఇచ్చాడు. ఇంతకంటే మంచి ఆఫీసరు నాకు మళ్లీ దొరకలేదు.

రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు పొద్దున స్తంభం చూశాను. ఏరు రోజుకు రెండంగుళాల చొప్పున తగ్గుతోంది. ఆ లెక్క నాకంటే బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే రాసేది నేనే. ఉత్తరువు పోయిన దారినే రావాలంటే నెల పడుతుంది. ఏరు మూడు వారాలు కూడా ఉండదు.

సైకిలు గట్టున పడేసి, పంట్లాం మోకాళ్ల పైకి మడిచి, నీళ్లలోకి దిగాను. రేవు గట్టు మీదుగా బిందెలతో బావికి పోతున్న ఆడవాళ్లు ఆగిపోయారు. మోకాళ్లు, తొడలు, నడుము. ఈత రానివాడికి నడుము లోతు అంటే సముద్రమే. కాళ్ల కింద ఇసుక జారుతోంది. వెనక్కి తిరిగి, మొసలి లేదనీ, ఎప్పుడూ లేదనీ, పుట్టి ఎక్కడానికి భయపడి నేనే అబద్ధం రాశాననీ గట్టిగా చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కావలి మనిషి మాత్రం ఉలిక్కిపడి లేచి, ఐదు వారాల్లో మొదటిసారి ఈల ఊదాడు.

ఆ ఈల ఇంకా ఆగకముందే పుట్టి నడిపే ఆయన భార్య చీర కుచ్చిళ్లు దోపుకుని బిందెతో దిగింది. వెనకే మరో ఇద్దరు. సాయంత్రానికి వలలు పడ్డాయి. ఒక్క మనిషిని ఈలతో ఆపగలడు గానీ, ఊరిని ఎట్లా ఆపుతాడు పాపం. రెండు రోజులు ఊది అలిసిపోయాడు.

నాకు ఛార్జి మెమో వచ్చింది. అబద్ధపు రిపోర్టు రాసినందుకు కాదు, ఆ అబద్ధాన్ని ఒప్పుకునే దారి ఆఫీసుకు లేదు. 'మొసళ్లను స్వయంగా మొదట చూసినవాడై ఉండి కూడా, వాటి వల్ల ప్రాణాపాయం కలదని ఎరిగియు, నిషేధిత నదిలో ప్రవేశించి, ప్రజలను కూడా ప్రేరేపించినందుకు' సంజాయిషీ అడిగారు. పెద్ద గుమాస్తా దాన్ని నా చేతికిస్తూ, తన సర్వీసులో ఇంత చక్కని వాక్యం రాయలేదని నిజాయితీగా మెచ్చుకున్నాడు. తప్పు ఒప్పుకుంటున్నానని రాసిచ్చాను. నన్ను ధర్మవరం గోడౌనుకు మార్చారు. అక్కడ నీళ్లు లేవు, పారలూ గడ్డపారలూ చూసుకోవాలి.

మొసళ్లు వెళ్లిపోయినందున ప్రజలు ఇక నిర్భయంగా నదిలో దిగవచ్చునన్న ఉత్తరువు వచ్చేసరికి ఏరు ఎండిపోయింది. ఇసుకలో నిలబడి తప్పెట కొట్టి చదివారట. ఇంకొన్నాళ్లకు ఎగువ రాష్ట్రం నుంచి, తమ వైపు వచ్చిన ఏడు మొసళ్ల ఆనవాళ్లు తెలుపవలసిందని ఉత్తరం వచ్చిందని కూడా విన్నాను. దానికి ఏం జవాబు రాశారో నాకు తెలియదు.

ధర్మవరం రైలెక్కే ముందు రోజు పల్లెకు పోయాను. పుట్టి నడిపే ఆయన ఇంటి ముందు కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. నావల్ల ఆయనకు ఐదు వారాలు పోయాయి. తర్వాత దొరికిన రోజుల్లో పట్టిన చేపలు ఆ నష్టాన్ని పూడ్చలేదని నాకు తెలుసు, వచ్చే వారం భార్యాభర్తలిద్దరూ బెంగుళూరుకు కూలికి పోతున్నారని ఊర్లో చెప్పారు. క్షమించమని అడగాలని పోయినవాణ్ణి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఆ రోజు పుట్టి ఎందుకు తిప్పావని అడిగాను. వలలు చింపే జంతువే కదా అన్నాను.

ఆయన దారం పళ్లతో తెంపాడు.

"సింపుతాదప్పా. సింపితే యాడ సింపిందో కనపడతాది, కూసొని కుట్టుకుంటా," అన్నాడు. మెల్లగా మళ్లీ అన్నాడు. "మీరు సింపింది యాడ కుట్టాల్నో తెలీలేదు."

నేను చెప్పులు వేసుకుని లేచాను. ఆయన సూదిలోకి దారం ఎక్కించుకుని వల మీదికి వంగాడు.